గాలి లెక్క తప్పిందా? పెట్రోలు కారులో ఎయిర్ ఫ్లో సెన్సార్‌ను పరీక్షించే పద్ధతి

కారుకు పికప్ తగ్గింది, మైలేజీ పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. షెడ్డుకు తీసుకెళితే మెకానిక్ స్కానర్ తగిలించి, తెర మీద వచ్చిన కోడ్ చదివి, ‘ఎయిర్ ఫ్లో సెన్సార్ పోయింది, కొత్తది వేయాలి’ అని ఒక్కమాటలో తేల్చేస్తాడు. వేల రూపాయలు పెట్టి కొత్తది వేయించాక అదే లైటు మళ్లీ వెలుగుతుంది. ఎందుకంటే కోడ్ చెప్పేది ఏ భాగం చెడిందో కాదు, ఏ లెక్క కుదరడం లేదో మాత్రమే. ఆ లెక్క చెడగొట్టేది చాలాసార్లు పగిలిన రబ్బరు గొట్టమో, వదులైన కనెక్టరో, తీగ మీద పేరుకున్న దుమ్మో అయి ఉంటుంది. నేరం రుజువయ్యేదాకా సెన్సార్‌ను కొనవద్దన్నదే నా పక్షం. ఆ రుజువు సేకరించడానికి ఒక చవక బ్లూటూత్ స్కానర్, ఒక మల్టీమీటర్, ఒక సెలవురోజు ఉదయం చాలు.

ఉదాహరణలన్నీ టయోటా కొరోలా ఆల్టిస్ 1.8 పెట్రోలు ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుని ఇస్తున్నాను. పద్ధతి మాత్రం ఈ సెన్సార్ ఉన్న ఏ పెట్రోలు కారుకైనా పనికొస్తుంది.

ముందుగా, మీ కారులో ఆ సెన్సార్ ఉందా?

వింత ప్రశ్నలా ఉన్నా అడగక తప్పదు. మన రోడ్ల మీద తిరిగే చిన్న పెట్రోలు కార్లు చాలావాటిలో ఎయిర్ ఫ్లో సెన్సారే ఉండదు. మారుతి ఆల్టో కె10 వంటివాటిలో మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల సమూహం) పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సార్ ఉంటుంది. ఆ పీడనం, గాలి వేడి, ఇంజిన్ వేగం కలిపి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) గాలి పరిమాణాన్ని అంచనా వేసుకుంటుంది. కొరోలా, క్యామ్రీ, ఇన్నోవా పెట్రోలు వంటివి మాత్రం గాలిని నేరుగా కొలుస్తాయి. ఆ కొలిచేదే ఎయిర్ ఫ్లో సెన్సార్, పొట్టిగా మాఫ్.

బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా చూడండి. డబ్బా నుంచి థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి తెరుచుకునే కవాటం) వైపు వెళ్లే గొట్టం మొదట్లో రెండు స్క్రూలతో బిగించిన నల్లటి ప్లాస్టిక్ ముక్క, దానికి నాలుగైదు తీగల కనెక్టర్ కనిపిస్తే అది మాఫ్. థ్రాటిల్ బాడీ దాటాక మ్యానిఫోల్డ్ మీద చిన్నగా ఉంటే అది మ్యాప్. ఫోనులో గాలి ప్రవాహం అంకె కనిపించిందని మాఫ్ ఉందనుకోకండి. కొన్ని యాప్‌లు మ్యాప్ సెన్సార్ విలువ నుంచి లెక్కకట్టిన అంకెను కూడా అదే పేరుతో చూపిస్తాయి.

అది చేసే పని, చెడిపోయే తీరు

సెన్సార్ లోపల సన్నని ప్లాటినం తీగ గానీ పలుచని పొర గానీ ఉంటుంది. చుట్టూ ఉన్న గాలికన్నా దాన్ని ఒక నిర్ణీత మేర వేడిగా ఉంచడం దానిలోని సర్క్యూట్ పని. గాలి వేగంగా వీచేకొద్దీ తీగ చల్లబడుతుంది, ఆ వేడిని నిలపడానికి ఎక్కువ కరెంటు కావాలి. ఆ కరెంటే గాలికి కొలత. ఈసీయూ దాన్ని సెకనుకు ఇన్ని గ్రాములని చదువుకుంటుంది. స్వచ్ఛమైన పెట్రోలుకు ఒక వంతు ఇంధనానికి 14.7 వంతుల గాలి చొప్పున ఇంజెక్టర్లు ఎంతసేపు తెరవాలో అప్పుడు నిర్ణయిస్తుంది.

తీగ మీద దుమ్ము, నూనె పొర పేరుకుంటే అది కంబళి కప్పుకున్నట్టవుతుంది. గాలి హోరున వీస్తున్నా తీగ చల్లబడదు. పది గ్రాములు వస్తే ఎనిమిదే వచ్చాయని చెబుతుంది. దానికి తగ్గట్టు పెట్రోలు తక్కువ పడుతుంది, లాగుడు తగ్గుతుంది. ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) మాత్రం తరచూ దీనికి రివర్స్‌గా జరుగుతుంది: మురికి సెన్సార్ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ గాలి చూపిస్తుంది. ఐడ్లింగ్‌లో ఎక్కువ, పరుగులో తక్కువ. ఈ జంట లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి, మూడో మెట్టులో దీనితోనే దొంగను పట్టుకుంటాం.

1970లలో వచ్చిన బాష్ ఎల్-జెట్రానిక్ వ్యవస్థలో తీగ లేదు, గాలికి తెరుచుకునే రేకు తలుపు ఉండేది. తరువాత వచ్చిన ఎల్‌హెచ్-జెట్రానిక్ వేడి తీగను వాడింది. ఇంజిన్ ఆపిన వెంటనే ఆ తీగను క్షణంపాటు ఎర్రగా కాల్చి, అంటిన మురికిని బూడిద చేసే ఏర్పాటు కూడా అందులో ఉండేది. ఇప్పటి సెన్సార్లు చాలావాటికి ఆ స్వయంశుద్ధి లేదు. అందుకే ఆ పని మన మీద పడింది.

మొదటి మెట్టు: కళ్లతో, చేతులతో

ఇంజిన్ చల్లగా ఉండగా మొదలుపెట్టండి. ఎయిర్ ఫిల్టర్ బయటికి తీసి వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. కంకర రోడ్లు, క్వారీ లారీలు, కోతల కాలం ధూళి ఉన్న ప్రాంతంలో తిరిగే కారుకు కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగనవసరం లేదు. ఫిల్టర్ అంచు రబ్బరు డబ్బాలో సరిగా కూర్చోకపోతే దుమ్ము పక్కనుంచి నేరుగా తీగ మీదికి వెళుతుంది. చవక ఫిల్టర్లతో వచ్చే అసలు నష్టం ఇదే. నూనె రాసి వాడే పనితీరు ఫిల్టర్లు పెట్టించుకున్నవారు, ఆ నూనె ఎక్కువై సెన్సార్ దాకా చేరిందేమో చూడాలి.

తరువాత సెన్సార్‌కూ థ్రాటిల్ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం. దానికి మడతలు ఉంటాయి. పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది. మడతలను వేళ్లతో విడదీసి, అడుగుభాగం కూడా తడిమి చూడండి. పగుళ్లు అక్కడే దాక్కుంటాయి. సెన్సార్ దాటాక లోపలికి చొరబడిన గాలిని సెన్సార్ కొలవలేదు. క్లాంపులు, బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని తిరిగి లోపలికి పంపేది), ఆయిల్ మూత, డిప్‌స్టిక్ అన్నీ బిగువుగా ఉన్నాయా? ఇటీవల ఎవరైనా ఎయిర్ ఫిల్టర్ మార్చి ఉంటే, డబ్బా క్లిప్పులో ఒకటి పెట్టడం మరిచారేమో కూడా చూడండి.

కనెక్టర్ విప్పి పిన్నుల మీద పచ్చటి చిలుము, నీటి తడి ఉన్నాయేమో గమనించండి. బానెట్ లోపల ఒత్తిడి నీళ్లతో కడిగించిన మర్నాడు మొదలయ్యే ఫిర్యాదులకు మూలం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

రెండో మెట్టు: కోడ్‌లు

భారత్‌లో 2013 ఏప్రిల్ నుంచి ఇంజిన్ లోపాలను కారే గుర్తించి కోడ్‌గా నమోదు చేసే ఓబీడీ-2 వ్యవస్థ అమల్లో ఉంది, అమెరికాలో 1996 మోడల్ నుంచే తప్పనిసరి. స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ తగిలించి వచ్చిన కోడ్‌లన్నీ రాసుకోండి. కోడ్ పుట్టిన క్షణాన నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా రాసుకోండి. చెరపడం తరువాత.

పి0100 అంటే సర్క్యూట్‌లో లోపం. పి0102 సంకేతం మరీ తక్కువ, పి0103 మరీ ఎక్కువ, పి0104 వస్తూ పోతూ ఉండటం. ఈ నాలుగింటిలో ఏది వచ్చినా ముందు తీగలను అనుమానించండి. పి0102తో పాటు గాలి ఉష్ణోగ్రతకు సంబంధించిన పి0113 కూడా జంటగా వస్తే కనెక్టర్ ఊడిందనో తీగ తెగిందనో దాదాపు ఖాయం చేసుకోవచ్చు, ఎందుకంటే ఇలాంటి చాలా కార్లలో ఉష్ణోగ్రత సెన్సార్ తీగలు కూడా అదే కనెక్టర్‌లో ఉంటాయి.

పి0101 వేరు. సంకేతం వస్తోంది గానీ థ్రాటిల్ తెరుపుకు, ఇంజిన్ వేగానికి పొంతన లేదని దాని అర్థం. మురికి, గాలి లీకు, మూసుకుపోయిన ఫిల్టర్ అన్నీ ఈ కోడ్‌నే పుట్టించగలవు. పి0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని. అది సెన్సార్ పేరే ఎత్తదు, కానీ మురికి సెన్సార్ ఎక్కువగా దొరికిపోయేది ఈ కోడ్‌తోనే.

మూడో మెట్టు: లైవ్ డేటా

అసలు పరీక్ష ఇదే, తొందరపడకండి. స్కానర్ యాప్‌లో ఇవి తెర మీదికి తెచ్చుకోండి: గాలి ప్రవాహం, ఆర్‌పీఎం, షార్ట్ టర్మ్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ట్రిమ్, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత.

తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి. గాలి ప్రవాహం సున్నా గానీ సున్నాకు అతి దగ్గరగా గానీ ఉండాలి. రాత్రంతా నిలిపిన కారులో గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత ఇంచుమించు సమానంగా ఉండాలి. ఒకటి 31 డిగ్రీలు, మరొకటి మైనస్ 40 చూపిస్తే ఉష్ణోగ్రత తీగ తెగినట్టే.

ఇప్పుడు ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వండి. ఏసీ, లైట్లు ఆపండి. ఐడ్లింగ్‌లో మోటు లెక్క ఏమిటంటే ఇంజిన్ లీటర్లు ఎన్నో సెకనుకు సుమారు అన్ని గ్రాములు. 1.8 లీటర్ల ఇంజిన్‌కు రెండు గ్రాముల చుట్టుపక్కల ఉంటే సరే. బండి కదలకుండా 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే అది రెండు మూడు రెట్లు కావాలి, నిలకడగా ఉండాలి. ఈ అంకెలు ఒక్కో ఇంజిన్‌కు ఒక్కోలా ఉంటాయి కాబట్టి వీటితోనే తీర్పు చెప్పకండి.

తీర్పు ట్రిమ్‌లలో ఉంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్‌ను చూసి ఈసీయూ పెట్రోలును ఎంత పెంచిందో, ఎంత తగ్గించిందో చెప్పే శాతమే ట్రిమ్. షార్ట్ అంటే ఆ క్షణపు సవరణ, లాంగ్ అంటే ఈసీయూ కాలక్రమంలో నేర్చుకున్నది. రెండూ కూడండి. మొత్తం ప్లస్ 5, మైనస్ 5 మధ్య ఉంటే హాయిగా ఉన్నట్టు. 10 దాటితే కారణం వెతకాలి. 25 దరిదాపుల్లోకి వెళితే లైటు వెలగడం మామూలే. అయితే ఒకే అంకె చాలదు. ఐడ్లింగ్‌లో ఎంత, 2,500 దగ్గర ఎంత, రోడ్డు మీద బరువుతో లాగుతున్నప్పుడు ఎంత అని మూడుచోట్ల రాసుకోండి. ఆ మూడూ కలిసి గీసే గీతే చెబుతుంది:

- ఐడ్లింగ్‌లో ప్లస్ 20, 2,500 దగ్గర ప్లస్ 4 అయితే సెన్సార్ నిర్దోషి. ఎక్కడో గాలి లీకు ఉంది. లీకు ద్వారా వచ్చే గాలి ఐడ్లింగ్‌లోని కొద్దిపాటి గాలిలో పెద్ద వాటా, వేగం పెరిగేకొద్దీ అది చిన్నదైపోతుంది.
- ఐడ్లింగ్‌లో సున్నా లేదా మైనస్, బరువు పెరిగేకొద్దీ ప్లస్ 10, ప్లస్ 18 అని ఎక్కుతూ పోతే మురికి సెన్సార్ అనుమానితుడు. పెట్రోలు పంపు బలహీనమైనా, పెట్రోలు ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది. ఆ రెండింటినీ వేరుచేసే ఉపాయం కింద ఉంది.
- అన్ని వేగాల్లోనూ ఒకేలా ప్లస్ 5, 6 ఉంటే తొందరపడి ఏదీ విప్పకండి. బంకులో ఏ పెట్రోలు పోయించారో గుర్తుచేసుకోండి. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలుకు 14.7 కన్నా తక్కువ గాలి చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. ఇ10కు తీర్చిన పాత కారులో ఇ20 పోస్తే ట్రిమ్ కొన్ని శాతాలు పైకి జరగడం సహజం.

లీకు అనుమానం వస్తే వ్యాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కి మూస్తూ ట్రిమ్‌ను గమనించండి. ఏది మూసినప్పుడు అంకె దిగిందో ఆ గొట్టం వెంట వెళ్లండి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు, కార్బ్ క్లీనర్ చల్లి లీకు పట్టే పాత అలవాటు మంటలకు దారితీస్తుంది, వద్దు.

ఇక మురికి సెన్సార్‌నూ పెట్రోలు పంపునూ వేరుచేసే లెక్క. ఇంజిన్ ఒక పంపు లాంటిదే, రెండు చుట్లకు ఒకసారి తన పరిమాణమంత గాలి పీలుస్తుంది. 1.8 లీటర్ల ఇంజిన్ 4,500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 4,050 లీటర్లు, అంటే సెకనుకు 67.5 లీటర్లు. సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల వేడిలో లీటరు గాలి బరువు సుమారు 1.16 గ్రాములు కాబట్టి 78 గ్రాములు. సిలిండర్లు పూర్తిగా నిండవు, 85 శాతం అనుకుంటే 66 గ్రాములు. విశాఖలో వచ్చే ఈ అంకె, 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో ఐదారు శాతం తగ్గి 62 దగ్గర ఉంటుంది. మే నెల ఎండలో ఇంకొంచెం తక్కువ.

ఖాళీగా ఉన్న, సురక్షితమైన రోడ్డు మీద, పక్క సీటులో మరొకరు డేటా రికార్డు చేస్తుండగా, రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 4,500 దాకా వెళ్లండి. డ్రైవరు చూపు రోడ్డు మీద, ఫోను పక్కవారి చేతిలో. ఇంటికొచ్చి రికార్డు చూడండి. 62 రావలసినచోట 45 వచ్చి, ట్రిమ్ కూడా బాగా ప్లస్‌లో ఉంటే సెన్సార్ తక్కువ చెబుతోంది. 62 వచ్చి ట్రిమ్ ప్లస్‌లో ఉంటే గాలి లెక్క సరిగానే ఉంది, పెట్రోలే అందడం లేదు. పంపు పీడనం చూపించండి. 45 వచ్చి ట్రిమ్ మామూలుగా ఉంటే సెన్సార్ నిజమే చెబుతోంది, ఇంజిన్‌కు నిజంగానే గాలి ఆడటం లేదు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ గానీ, సైలెన్సర్ వైపు మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ గానీ కారణం కావచ్చు. ఈ మూడో సందర్భంలోనే అమాయకపు సెన్సార్లు ఎక్కువగా బలవుతాయి.

నాలుగో మెట్టు: విప్పి చూడటం, తట్టి చూడటం

షెడ్డులో అందరూ చేసే పరీక్ష ఇది: ఇంజిన్ ఆపి కనెక్టర్ పీకి మళ్లీ స్టార్ట్ చేయడం. సెన్సార్ లేకపోతే ఈసీయూ తన దగ్గరున్న అంచనా విలువలతో బండి నడుపుతుంది. పీకాక ఇంజిన్ మెరుగైతే సెన్సార్ మీద అనుమానం బలపడుతుంది. ఏ మార్పూ లేకపోతే మాత్రం అది నిర్దోషి అనడానికి లేదు. ఈ పరీక్షకు నేను ఇచ్చే విలువ అంతే. పీకినందుకు కొత్త కోడ్‌లు పడతాయి, పాతవాటితో కలిపేసుకోకండి.

తట్టే పరీక్ష ఇంతకన్నా నమ్మదగ్గది. ఐడ్లింగ్‌లో ఉండగా స్క్రూడ్రైవర్ పిడితో సెన్సార్ ఒంటిని మెల్లగా తట్టండి, కనెక్టర్ తీగలను అటూ ఇటూ కదపండి. అంకె ఎగిరిపడినా, ఇంజిన్ ఉలిక్కిపడినా లోపల అతుకు ఊడింది లేదా పిన్ను వదులైంది. ఫ్యాను, బెల్టులకు చేయి దూరంగా ఉంచండి.

ఐదో మెట్టు: మల్టీమీటర్

సర్క్యూట్ కోడ్‌లు వచ్చినవారికి ఇది తప్పనిసరి, మిగతావారు దాటవేయవచ్చు. మీ కారు వైరింగ్ చిత్రం దగ్గర పెట్టుకోండి. టయోటా ఐదు తీగల సెన్సార్‌లో మూడు గాలి కొలతకు, రెండు ఉష్ణోగ్రతకు. కనెక్టర్ విప్పి, తాళం ఆన్ చేసి, సరఫరా పిన్ను దగ్గర కొలిస్తే బ్యాటరీ వోల్టేజీ రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే చూడండి. కనెక్టర్ తిరిగి పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా వెనుకవైపు నుంచి సన్నని ప్రోబ్‌తో సెన్సార్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య చూడండి, 0.1 వోల్టు దాటకూడదు. ఎర్త్ పాడైతే మంచి సెన్సార్ కూడా అబద్ధాలు చెబుతుంది.

సిగ్నల్ తీగ మీద ఐడ్లింగ్‌లో ఒకటి, ఒకటిన్నర వోల్టు దగ్గర మొదలై, యాక్సిలరేటర్ ఇచ్చేకొద్దీ తడబడకుండా పెరగాలి. పైపరిమితి 5 వోల్టులు. కొన్ని కంపెనీల సెన్సార్లు వోల్టేజీకి బదులు ఫ్రీక్వెన్సీ పంపుతాయి. వాటిని హెర్ట్జ్ కొలిచే మీటరుతోనే చూడాలి. ఉష్ణోగ్రత పిన్నుల మధ్య 20 డిగ్రీల దగ్గర టయోటా సెన్సార్‌కు రెండున్నర కిలో ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది.

ఆరో మెట్టు: శుభ్రం చేయడం

మాఫ్ క్లీనర్ అని ప్రత్యేకంగా దొరికే స్ప్రే మాత్రమే వాడండి. కార్బ్ క్లీనర్, పెట్రోలు, థిన్నర్ ప్లాస్టిక్‌నూ పూతలనూ తినేస్తాయి లేదా పొర మిగులుస్తాయి. తాళం తీసి, ఇంజిన్ చల్లారాక కనెక్టర్ విప్పి, స్క్రూలు తీసి సెన్సార్‌ను నిటారుగా బయటికి లాగండి. తీగ, పక్కనే ఉన్న చిన్న పూస లాంటి ఉష్ణోగ్రత సెన్సార్, రెండింటి మీదా కొద్ది దూరం నుంచి పది పన్నెండు సార్లు పిచికారీ చేయండి. దూది పుల్ల, బ్రష్షు, గుడ్డ ఏదీ తాకకూడదు. కంప్రెసర్ గాలి కొట్టకూడదు. ఆ తీగ తెగడానికి పెద్ద బలం అక్కర్లేదు.

అరగంట దానంతటదే ఆరనివ్వండి. తడి ఉండగా కరెంటు ఇవ్వవద్దు, ఆ ద్రవం మండుతుంది కూడా. తిరిగి పెట్టేటప్పుడు ఓ-రింగ్ నలగకుండా, బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండేలా చూడండి. ప్లాస్టిక్ డబ్బాలో స్క్రూలను బలం కొద్దీ బిగిస్తే మర విరుగుతుంది.

తరువాత కోడ్‌లు చెరిపి, మూడో మెట్టులోని మూడు ట్రిమ్‌లు, 4,500 ఆర్‌పీఎం పరీక్ష మళ్లీ చేయండి. చెరిపితే ఈసీయూ నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్ కూడా చాలా కార్లలో పోతుంది. కాబట్టి రెండు మూడు రోజులు రోజువారీ దారుల్లో తిప్పాకే ఆ అంకెను నమ్మండి. అమెరికాలో ఉన్నవారికి ఒక మాట: కోడ్ చెరపగానే రెడీనెస్ మానిటర్లు (పొగ నియంత్రణ భాగాలపై కారు తనకు తానే చేసుకునే పరీక్షలు) అసంపూర్ణం అవుతాయి. ఆ మర్నాడే స్మాగ్ (పొగ) పరీక్షకు వెళితే తిప్పి పంపిస్తారు.

కొత్తది వేయక తప్పనప్పుడు

లీకు లేదు, ఫిల్టర్ బాగుంది, సరఫరా, ఎర్త్ సరిగా ఉన్నాయి, శుభ్రం చేసినా 62కు బదులు 48 దగ్గరే ఆగింది. లేదా తట్టినప్పుడల్లా అంకె ఎగిరిపడుతోంది. అప్పుడు మార్చండి. డెన్సో, బాష్, హిటాచీ పేర్లతో నకిలీలు విరివిగా దొరుకుతున్నాయి. అసలు ధరలో నాలుగో వంతుకే వస్తుంటే అది ఎందుకు చవకో అడగనక్కర్లేదు. పాత సెన్సార్ ఒంటి మీద ముద్రించిన నంబరు కొత్తదానితో సరిపోవాలి. ఒకే ఆకారంలో ఉండి లోపలి కొలత వేరైన సెన్సార్లు ఉన్నాయి, అవి బిగుస్తాయి గానీ లెక్క తప్పు చెబుతాయి. గొట్టంతో కలిపి వచ్చే రకమైతే గొట్టం వ్యాసం కూడా అదే ఉండాలి.

పాతదాన్ని అప్పుడే పారేయకండి. కొత్తది పెట్టాక మూడుచోట్లా ట్రిమ్‌లు ప్లస్ 5, మైనస్ 5 మధ్యకు వచ్చి వారంపాటు అక్కడే నిలిచాకే బిల్లునూ పాత సెన్సార్‌నూ వదిలేయండి. నిలవకపోతే కొత్తదాన్ని వాపసు ఇవ్వడానికి ఆ బిల్లే ఆధారం.